గుట్ట బండి షెడ్డులో వినిపించిన చప్పుడు

వార్త మొదట తెచ్చింది మా ఆడబిడ్డ సుజాత. దీపం ముందు కూర్చుని రాస్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు.

"వదినె, గుట్ట బండికి చార్జింగ్ ఎక్కుతలేదు. జనగామ మెకానిక్ ఎల్లుండి గాని రాడట. పొద్దుగాల రాజవ్వ ఎట్ల పోతది?"

రేగొండ దగ్గర మా గుట్ట మీది గుడికి ముసలివాళ్లను చేర్చే బ్యాటరీ బండి అది. ఏళ్ల తరబడి నడిపిన, ఊరంతా బాపు అని పిలిచే ఓదెలు నిరుడు పోయాడు. ఇప్పుడు సుజాత నడుపుతోంది. ఆయన భార్య రాజవ్వకు మోకాళ్లు వంగవు. ఏడాది తీరింది, ఆయన మిగిల్చిన మొక్కు తెల్లవారితే చెల్లించాలి. డోలీ వద్దంది. "ఆయన బండి మీదనే పోత" అంది.

నేను బడికి పోలేదు. అక్షరాలూ కరెంటు పనీ ఇంట్లో మా నాయినే నేర్పాడు. ఆయనకు దండం.

పొద్దుగూకాక షెడ్డుకు పోయాం. సాకెట్‌లో కరెంటు ఉంది. ఫ్యూజు బాగుంది. తీగ తెగలేదు. అయినా చార్జర్ ఉలకదు... బ్యాటరీల నుంచి కొంచెమైనా కరెంటు తగిలితేనే అది మేలుకుంటుంది. అంటే లోపం బ్యాటరీల వరుసలో ఎక్కడో ఉంది. సీటు ఎత్తాను, బ్యాటరీలు దాని కిందే. నవ్వొచ్చింది. దసరా పూజకు సుజాత ప్రతి బిగింపు మీదా పసుపు ముద్ద అద్ది, కుంకుమ పెట్టి, కొబ్బరినీళ్లు కూడా చల్లింది.

"ఇంత బొట్టు నీ పెండ్లిల గూడ పెట్టుకోలేదు గదనే!"

"మొక్కితే గూడ ఖరాబైతదా వదినె?" మూతి ముడుచుకుని, అదంతా కడగడానికి వేడినీళ్లూ వంటసోడా తేవడానికి పోయింది.

ప్లగ్గు పీకి పక్కన పెట్టాను. ఒక్కదాన్నే. సెల్లు లైటు... దోమలు... అప్పుడు వినిపించింది.

టక్... టక్...

మూత మీద వేలి కణుపుతో కొట్టినట్టు. మొదటి బ్యాటరీ దగ్గర. ఆగింది. టక్... టక్... దాని పక్కదాని మీద. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. బల్లి అనుకుని లైటు తిప్పాను. ఏమీ లేదు. ఒక్కొక్కటే... దాటుకుంటూ వచ్చింది. మూలనున్న దాని దగ్గర ఒక్కటే దెబ్బ.

టక్.

అంతే. మళ్లీ లేదు. స్వామీ... అనుకున్నాను.

సుజాత రాగానే ముందు ఆ మూలదే కడగమన్నాను. ఎందుకో చెప్పలేదు. పసుపు కింద తెల్లటి తుప్పు పేరుకుని, తీగ కొస పట్టు వదిలేసింది. గీకి, బిగించి, ప్లగ్గు పెట్టాను. చార్జర్ కటక్కుమని... సన్నగా మూలగడం మొదలుపెట్టింది.

పొద్దున రాజవ్వ బండెక్కింది. దారిలో చప్పుడు సంగతి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ బాపు గట్లనే చూసెటోడు బిడ్డా. మంచిదాని మీద రెండు దెబ్బలు. చెడ్డదాని కాడ ఒక్కటి కొట్టి ఆగెటోడు."

సుజాత బండి ఆపేసింది. "గిది రాత్రే జెప్పొద్దా వదినె?"

"జెప్తే షెడ్డుల ఉందువా?"

ఆయన అలవాటు నాకు అంతకుముందు తెలియదు. చల్లారేటప్పుడు మూతలు చిటపటమంటాయి, నిజమే. కానీ ఆ రోజు బ్యాటరీలు వేడెక్కిందే లేదు... ఏమో.

రాజవ్వ మొక్కు తీరింది. స్వామి దయ. మీరెప్పుడైనా ఇలాంటి బండిలో గుట్ట ఎక్కితే, అది కదిలే ముందు మా ఓదెలు బాపును ఒక్కసారి తలుచుకోండి.