మూడో చుక్క

ఏ పాత రేడియో చేతికొచ్చినా రిఫాత్ ముందు దాని గాజు మీద నోటి ఆవిరి ఊది, చొక్కా చేతి అంచుతో తుడుస్తాడు. గాజు తేటగా ఉంటేనే ధర పలుకుతుందని అలెగ్జాండ్రియా పాతసామాన్ల వీధిలో ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాడు. బహీగా అనే ముసలమ్మ వాల్వు మార్చమని ఇచ్చిన జర్మనీ రేడియో గాజు మీద గోళ్ళరంగు చుక్కలు మూడుంటే, అడగకుండానే స్పిరిటుతో చెరిపేశాడు. సాయంత్రం ఆమె ఇంటికి తెచ్చి, "ఇప్పుడు రెట్టింపు ధర పలుకుతుందమ్మా," అన్నాడు.

"అమ్ముతానని నీకెవరు చెప్పారు? నా చుక్కలేవి? గాజు మీద స్టేషన్ల పేర్లున్న ఆ పరాయి రాత చదవడం నాకొచ్చా? చుక్క చూసే ముల్లు తిప్పుతాను. ఒకటి ఖురాను, ఒకటి పాటలు."

"మూడోది?"

"పక్కింటి గ్రీకు పిల్ల కటీనా వినేది. ఊరొదిలి వెళ్తూ ఆ చుక్క పెట్టి పోయింది. ఆ స్టేషను మూగబోయి ఏళ్ళయింది. అయినా రోజూ ముల్లు అక్కడ పెట్టుకుని కూర్చుంటాను. నీకేం తెలుస్తుందిలే, ధరల మారాజువి."

మర్నాడు పొద్దున్నే రిఫాత్ గోళ్ళరంగు సీసా కొనుక్కుని వెళ్ళాడు. ఖురాను, పాటలు వినబడిన చోట రెండు చుక్కలు పెట్టాడు. మూడోదాని కోసం ముల్లును ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా జరిపాడు. ఆ రెండు చోట్లా తప్ప అంతటా ఒకటే గరగర. "ఇక్కడా అమ్మా?" అని అడుగుతూ పోయాడు. ఆమెకూ గుర్తు లేదు. చేతిలోని బ్రష్షు మీద రంగు ఆరిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.