నారింజ రంగు టై

వెర్లిన్ హాగెన్ పంతొమ్మిదేళ్లుగా వాల్డెక్ కాలేజీ ఆటల విభాగానికి డైరెక్టరు. అతని గురించి ఒక మంచి మాట అన్నవాళ్లు మా ఊళ్లో నాకింకా తారసపడలేదు. అయినా ఎవరూ అతన్ని పొమ్మనలేదు. మిన్నెసోటాలో మనిషిని పొమ్మనరు. పలకరించడం మానేస్తారు.

అతని ఆఫీసు గోడకు కాలేజీ రంగైన ఆకుపచ్చలో ఒక పలక వేలాడుతుంటుంది: 'వాల్డెక్ నిచ్చెన మెట్టు కాదు.' మా కోచ్‌ల్లో ఎవర్నైనా తీసుకోవాలనుకుంటే పెద్ద యూనివర్సిటీవాళ్లు ముందుగా డైరెక్టర్ని అడగాలి, మీ మనిషితో మాట్లాడొచ్చా అని. అది ఈ రంగంలో మర్యాద. వెర్లిన్ ప్రతిసారీ కుదరదనేవాడు. ఆపైన ఆ కోచ్‌ను పిలిచి, పలక ఎదురుగా కూర్చోబెట్టి, గంటసేపు విశ్వాసం గురించి చెప్పేవాడు. వాలీబాల్ కోచ్ జోలీన్ ప్రాట్‌కు మూడేళ్ల కింద అదే జరిగింది. ఆమెకు వచ్చిన మొదటి పిలుపు అది. అప్పట్నుంచి అతనికి ఏం చెప్పాలన్నా చీటీ రాసి తలుపు కింద తోసేది.

నిరుడు నవంబరులో పక్క రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీలో డైరెక్టరు పదవి ఖాళీ అయింది. వాళ్ల స్టేడియంలో అరవై వేలమంది పడతారు. మా దాంట్లో మూడు వేలు, మంచు పడకపోతే. యాభై ఆరేళ్ల వెర్లిన్‌కు అలాంటిది మళ్లీ దొరకదు. కాలేజీ ప్రెసిడెంటుకు మాటమాత్రం చెప్పకుండా దరఖాస్తు పెట్టాడు. అక్కడివాళ్లు ఒకే షరతు పెట్టారు: పేరు బయటికొస్తే అంతటితో సరి.

ఇంటర్వ్యూ గురువారం. మంగళవారం మధ్యాహ్నం అతను ఆర్డెల్ నీమన్ బట్టల షాపుకెళ్లి నారింజ రంగు టై కావాలన్నాడు.

కొత్త డైరెక్టరు మొదటిసారి పత్రికల ముందుకొచ్చేటప్పుడు ఆ యూనివర్సిటీ రంగు టై కట్టుకుంటాడు. వెర్లిన్‌ను ఇంకా ఎవరూ ఎంచుకోలేదు, అతనప్పుడే ఫొటోకు సిద్ధమయ్యాడు. మా వైపు నారింజ రంగు వేసుకునేది ఇద్దరే: ఒకర్నొకరు కాల్చుకోకుండా జింకల వేటగాళ్లు, ఆ యూనివర్సిటీవాళ్లు. గంటన్నర కారు నడిపితే టై నగరంలో దొరికేది. కానీ ఊరి షాపులోనే కొనండి అని పంతొమ్మిదేళ్లు మాకందరికీ చెప్పీ చెప్పీ, వేరే షాపులుంటాయన్న సంగతే అతను మరిచిపోయాడు.

ఆర్డెల్ దగ్గర అలాంటిది ఒకటుంది. పదకొండేళ్ల కింద పొరపాటున వచ్చిన సరుకు.

"ఎవరిదైనా పెళ్లా?" అని అడిగాడు.

"మా ఆవిడ చెల్లెలి కూతురిది."

"మీ ఆవిడకి చెల్లెలెక్కడిది వెర్లిన్? ఒక్కతే కదా."

వెర్లిన్ సంచీ కోసం కూడా ఆగలేదు.

బుధవారం పొద్దున ఆరింటికి, కాఫీ హోటల్లో గుడ్లు ఉడికేలోపే ఊరంతటికీ తెలిసిపోయింది. ఎనభై దాటాక వెర్లిన్ అత్తగారు రెండో బిడ్డను కన్నదని ఒకరికొకరు శుభవార్త చెప్పుకున్నారు. ఊరి పేపరు నడిపేది నేనే కాబట్టి అతనికి ఫోన్ చేశాను. ఎవరితోనూ మాట్లాడలేదని, వాల్డెక్‌లోనే రిటైరవుతానని చెప్పాడు. యూనివర్సిటీకి చేశాను. అక్కడ ఫోన్ తీసినావిడ కాదనలేదు, ఎవరు చెప్పారని అడిగింది. నాకది చాలింది. గురువారం పేపర్లో నాలుగు లైన్లు వేశాం.

అతను ఇంటర్వ్యూకు వెళ్తుండగా దారిలోనే ఫోనొచ్చింది, రావద్దని. పెట్రోలు బంకు దగ్గర కారు వెనక్కి తిప్పాడు. శుక్రవారం ఒక ప్రకటన పంపాడు: పెద్ద అవకాశం వచ్చినా మనసు వాల్డెక్‌ను వదల్లేక వద్దన్నానని. దాన్నీ అచ్చేశాం, బుధవారం అతను ఫోన్లో చెప్పిన మాట పక్కనే.

శనివారం బాస్కెట్‌బాల్ ఆట. అలవాటు ప్రకారం వెర్లిన్ తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెయ్యి అందించాడు. జనం నారింజ రంగులో వచ్చారు. వేట కోట్లు, వేట టోపీలు, విద్యార్థుల మెడల్లో కాగితం టైలు. ఎవరూ కేకలెయ్యలేదు. వరసలో నిలబడి, ఒక్కొక్కరే మర్యాదగా అతని చెయ్యి కుదిపి లోపలికెళ్లారు. ప్రెసిడెంటు మాత్రం ఆకుపచ్చ కోటుతోనే వచ్చాడు. ఆయన చెయ్యి ఇవ్వలేదు.

ఏప్రిల్లో జోలీన్‌కు ఇంకో పెద్ద యూనివర్సిటీ నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి చీటీ తొయ్యలేదు. వాళ్లు పంపిన అనుమతి కాగితం తనే పట్టుకెళ్లింది. ఆ రోజు జరిగింది ఆమే నాకు చెప్పింది.

కూర్చోమన్నాడట.

"నిలబడే ఉంటాను. ఈసారి ఉపన్యాసం ఎంతసేపు?" అంది.

అతను పలక వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. కలం వెతుక్కుని సంతకం పెట్టాడు.

"వాళ్ల రంగేంటి?"

"ఎరుపు. కోటు మాత్రం ఈ ఊళ్లో కొనను."

జూన్‌లో ఆమె వెళ్లిపోయింది. వెర్లిన్ రిటైర్మెంటుకు ఇంకా తొమ్మిదేళ్లుంది. పలక తీయలేదు.