మూడో చరణంలో పేరు

మా పెరట్లో ఎండకు కాగిన నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోతే తుప్పూ పాత డీజిలూ కలిసిన వాసన ఇప్పటికీ వస్తుంది. వేలి కణుపుతో ఒక్కటి కొడితే చాలు, అమ్మ నాటేసిన మడి, దుబాయ్‌లో మేమున్న సోనాపూర్ క్యాంపు రెండూ గుర్తొస్తాయి. అక్షరాలు నాకు యాభై దాటాకే వచ్చాయి కాబట్టి చుట్టు తిప్పి రాయడం చేతకాదు.

మోకాలి లోతు బురద, నారు పచ్చి వాసన, పిక్కలకు పట్టిన జలగలు, గట్టు మీద మక్క గడ్కలో పచ్చిపులుసు పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కోవడం, ఇవన్నీ కలిస్తేనే మాకు వానకాలం. వరసగా వంగిన ఆడవాళ్ల ముందు అమ్మ పాట ఎత్తుకుంటే, కాలు బురదలో దిగిన చోటల్లా తాళం దెబ్బ పడేది. మూడో చరణంలో ఎవరో ఒకరి పేరు పెట్టి దులపడం ఆమె అలవాటు. పటేలు మా మడులకు కాలువ మూయించిన ఏడు, ఆయన పొలంలోనే నాటేస్తూ ఆయన పేరే పెట్టింది. జీతగాడు గట్టు మీదికి వచ్చి, పేరు తియ్యకుంటే రేపటి నుంచి కూలికి రావద్దన్నాడు. అమ్మ వంగిన నడుము ఎత్తలేదు.

"నీళ్లు ఇడువుమను, పేరు నేనిడుస్త."

నాలుగో నాడు కాలువ వదిలారు. అమ్మ ఆ పేరు మళ్లీ పలకలేదు.

రెండువేల నాలుగులో, నేను దుబాయ్‌లో కూలి చేసేటప్పుడు, మా సైటు క్రేను మెకానిక్ ట్రినిడాడ్ వాడు, మాతో తిరిగి హిందీ నేర్చినవాడు. శుక్రవారం క్యాంపుకొచ్చి ఖాళీ డ్రమ్ము బోర్లించి కొడుతూ కాలిప్సో అనే వాళ్ల దేశపు పాట పాడేవాడు. డప్పులు కొట్టొద్దని తెల్లదొరలు ఆపితే వాళ్ల తాతలు నూనె డ్రమ్ముల రేకు సాగగొట్టి మోగించారట, పాలించేవాళ్లను పేరు పెట్టి పాడారట. ఇది మా అమ్మ పనే కదా అనుకున్నాను. కాకపోతే మాకు కాలు దిగిన చోట పడే దెబ్బ వాళ్లకు కాలు లేచిన చోట పడుతుంది. మొదట్లో నేనెత్తుకున్న మా నాటు పాట దాని మీద తడబడింది.

"కాకా, నాటేస్తున్నవా, ఎగురుతున్నవా?" అని మా జగిత్యాల పోరగాళ్లు నవ్వారు. నెల తిరిగేసరికి రూమంతా ఆ లేచే దెబ్బ మీదే పాడింది.

ఆ ఎండాకాలం నీళ్ల ట్యాంకరు మూడు రోజులు రాలేదు. మూడో చరణంలో క్యాంపు బాస్ పేరు పెట్టాను. పేరు తియ్యకుంటే వీసా ఖలాస్, ఇంటికి తోలిస్తానన్నాడు. ఇంటి దగ్గర నాకు పొయ్యి వెలిగే దారి లేదు. అయినా అమ్మ మాటే హిందీలో చెప్పాను.

"పానీ ఛోడో సాబ్, నామ్ మై ఛోడ్తా."

తెల్లారి ట్యాంకరు వచ్చింది. ఆ వారమే నన్ను దూరాన ఉన్న అల్ ఐన్ సైటుకు తోలారు. ఖాళీ డ్రమ్ములు అక్కడా ఉన్నాయి.

ఇప్పుడు మా ఊళ్లో నాట్లు యంత్రం వేస్తోంది. వంగే వరస లేదు, ఎత్తుకునే గొంతు లేదు, ఆ మెకానిక్ ఎక్కడున్నాడో తెలియదు. పెళ్లి బరాతుల్లో మాత్రం పోరగాళ్లు ఆ లేచే దెబ్బ మీదే ఎగురుతున్నారు. పాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చిన ఒక సారు, దుబాయ్ దెబ్బ తీసేసి అసలు పాట పాడమన్నాడు. ఇదే అసలుది, ఇష్టముంటే రాసుకో అన్నాను.

నేను రాసిన దీంట్లో పటేలు పేరు లేదు, క్యాంపు బాస్ పేరూ లేదు. భయపడి కాదు. నీళ్లు వచ్చాయి, మాట మాటే. మా వాడకు వారం నుంచి నల్లా రావడం లేదు. మూడో చరణంలో చోటు ఖాళీగానే ఉంది.