పది సూదులు

బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే చిటపటలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. దారం తెగినా కసురుతుంది, ఫ్యాను ఆగినా కసురుతుంది. పదిహేనేళ్లుగా పక్క స్టూలు మీద కూర్చునే, తను వదినా అని పిలుచుకునే ఆవిడకి మాత్రం, అడక్కుండానే దారం కొస పెదాలతో తడిపి సూదిలో ఎక్కించి ఇస్తుంది. వదినకి చూపు మందగించిందని సూపర్‌వైజరుకి తెలిస్తే పని పోతుంది. నిన్న అతను గోడకి 'ఆనందం మీలోనే ఉంది' అని బోర్డు తగిలించి, కబుర్లెక్కువయ్యాయంటూ వదినని అవతలి వరసలోకి మార్చాడు. చిటపటలక్కకి ఒళ్లు మండిపోయింది. ఇవాళ పొద్దుటి నుంచి హాలు దాటి అటు వెళ్లడం ఇది ఆరోసారి.

"ఎక్కడికమ్మా మాటిమాటికీ?" అని అరిచాడతను.

"నాలో వెతికానయ్యా, లేదు. అక్కడ మర్చిపోయినట్టున్నా!"

హాలంతా గొల్లుమంది. "ఇంకోసారి లేచావంటే ఇంటికే!" అన్నాడతను. చిటపటలక్క వీపు అడ్డం పెట్టి వదిన ముందు నిలబడింది. కోపంలో దారం రెండుసార్లు తప్పింది.

"నీక్కూడా చత్వారమొచ్చిందేమిటే?" అని గొణిగింది వదిన.

"నోర్ముయ్ వదినా," అంటూనే నవ్వేసింది. పది సూదులకీ దారాలెక్కించి గుడ్డముక్కకి గుచ్చింది. "ఇవి ఇవాళ్టికి. రేపటివి గేటు దగ్గరే ఎక్కించిస్తా. ఎక్కడికి మారుస్తాడో మార్చుకోమను!"