చార్మినార్ కింద కొంగుముడి

మొన్న హైదరాబాద్‌ల నాకు రెండో లగ్గమైంది. అది కూడా మా సరోజ ముందటనే! నవ్వుడు తర్వాత, ముందు ఆ ఛాయ్ గ్లాసులు కింద పెట్టుండ్రి, మీద పోసుకుంటరు. పెండ్లికూతురుకు డెబ్బై ఏండ్లు పైనే ఉంటయ్. మొత్తం చెప్తా గని మధ్యల ఆపొద్దు.

మీకు ఎరుకే కదా, సూరత్‌ల మనల్ని ఎవ్వరూ పేరు పెట్టి పిలువరు. మనది జగిత్యాల దిక్కైనా, సిరిసిల్ల దిక్కైనా, వీళ్లకు మనమంతా "హైదరాబాదీ"లమే. నేను బట్ట నేసే సాంచాల ఖాతా ఉన్నది కదా, దాని సేటు సుత గట్లనే పిలుస్తడు. "ఏ హైదరాబాదీ, చార్మినార్ కైసా హై?" అంటడు. "మస్త్ హై సేట్" అంట. చూస్తే కదా! ఊర్లకెల్లి సీదా రైలెక్కి, ఇక్కడ దిగి, సాంచా ముందట నిలబడ్డోణ్ని.

గని పెండ్లైన కొత్తల సరోజకు ఒక మాట ఇచ్చిన. చార్మినార్ చూపిస్త, ఇద్దరం పైకెక్కుదాం, లాడ్ బజార్‌ల గాజులు ఏయిస్త అని. కొత్తల మనం ఏం చెప్పం! ఆమె మాత్రం గట్టిగ పట్టుకున్నది. కొన్నేండ్లు పండుగ పండుగకు అడిగింది. తర్వాత అడుగుడు బంద్ చేసింది. ఇంటామె అడుగుడు బంద్ చేస్తే అసలు భయం అప్పుడు మొదలైతది! ఓసారి డుమస్ తీస్కపోయి టమాటా భజియా తినిపించిన. తినుకుంట సముద్రం దిక్కు చూసి, "చార్మినార్ పైన సుత గిట్లనే గాలొస్తదా?" అన్నది. నా నోట్లె భజియా నోట్లెనే ఉన్నది.

ఇగ ఈసారి మా బామ్మర్ది హైదరాబాద్‌ల ఫ్లాట్ కొన్నడు. గృహప్రవేశానికి పోయినం. ఫ్లాట్ మంచిగున్నది గని ఊరవతల ఉన్నది. ఏం సప్పుడు లేదు! ఒక్క కుక్క సుత మొరుగది! సూరత్ నవాగామ్‌ల మా ఇంటి గోడ అవతలనే సాంచాలు నడుస్తయ్ కదా, ఆ టకటక ఇనుకుంటనే పండుకుంట నేను. ఖాతాల కరెంటు పోయి సాంచాలు ఆగితే ఊరంతా హాయిగ నిద్రపోతది, నేను లేసి కూసుంట. బామ్మర్ది ఇంట్ల నా ఊపిరి నాకే ఇనవడుతున్నది. పక్కన సరోజ నిద్రల నవ్వుతున్నది. నేను తెల్లారేదాక పంకా లెక్క కండ్లు తిప్పుకుంట పడి ఉన్న.

తెల్లారి పగటి బువ్వ తిన్నంక చార్మినార్ కాడ ఆటో దిగినం. చలికాలం ఎండ, ఎంత మెత్తగ ఉన్నదో! సరోజ తల పైకెత్తి గట్లనే నిలబడ్డది. పావురాలు లేస్తున్నయ్, వాలుతున్నయ్. ఆమె మొహం చూస్తే చిన్నపిల్ల మొహం. నేను చార్మినార్ చూడలే, ఆమెనే చూసిన. కట్టడం ఎక్కడికి పోతది, తర్వాత తీరువాటంగ చూద్దాం అనుకున్న. గదే నేను చేసిన తప్పు.

"నువ్వు పోయి గాజులు తీస్కో, నేను ఈ గట్టు మీద కూసుంట. వచ్చినంక ఇద్దరం కలిసి పైకెక్కుదాం" అన్న.

"టికెట్ సాయంత్రం బంద్ చేస్తరంట. జల్దీనే వస్త. పండుకోవు కద?"

"ఛీ! చార్మినార్ ముందట ఎవడన్న పండుకుంటడా?"

సరోజ లాడ్ బజార్‌లకు పోయింది. నా పక్కన ఒక ముసలామె, గులాబీ రంగు శాలువా కప్పుకొని, గోడకు ఆనుకొని కునుకు తీస్తున్నది. నా మీద సుత శాలువా ఉన్నది. ఇగ సప్పుడు మొదలైంది చూడుండ్రి. ఆటోల హారన్లు. బండ్లోళ్ల కేకలు. ఎక్కడో గాజులు చేసేటోళ్లు ఠకఠక కొడుతున్నరు. కొద్దిసేపటికి ఆ సప్పుళ్లన్నీ ఒక్క తాళంల పడ్డయ్. టకటక, టకటక... అరే, నా సాంచా! ఎంత కమ్మగున్నదో చెప్పలేను. కండ్లు వాటంతట అవే మూసుకున్నయ్.

కలల చార్మినారే సాంచా అయింది. నాలుగు మీనార్ల నడుమ పోగులు కట్టి ఉన్నయ్, సన్నటి పోగులు, మబ్బుల్లకెల్లి దిగుతున్నయ్. పావురాలు ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు ఉరుకుతుంటే బట్ట నేసుకుంట పోతున్నది. ఏం రంగు! పొద్దుగూకంగ డుమస్ సముద్రానికి ఉంటది చూడు, ఆ రంగు. ఆ బట్ట కిందికి జారి, బజార్ మీదికెల్లి పారి, సీదా సూరత్ దాక పోయింది. దాని మీద సరోజ చెప్పులు లేకుంట నడుసుకుంట వస్తున్నది. నాకు గుండె నిండిపోయింది.

అంతల పోగు తెగింది! ఒక్కటి కాదు, వరుసగా తెగుతున్నయ్! బట్టల సందు పడ్డదంటే సరోజ కాలు అండ్ల పడ్తది. నేను ఊకుంటనా? ఇన్నేండ్ల చెయ్యి ఇది. ఈ కొస దొరకవట్టిన, ఆ కొస దొరకవట్టిన, ముడి. మళ్లా ఈ కొస, ఆ కొస, ముడి. పోగులు చుట్టిన కొత్త బీం సాంచాకు ఎక్కించినప్పుడు పోగు పోగుకు ఎట్ల జోడిస్తమో గట్లనే, లైనుగ. ఆఖరు పోగు కట్టి హమ్మయ్య అనుకున్న.

అప్పుడు ఎవరో నన్ను మెడ పట్టి గుంజిన్రు.

కండ్లు తెరిస్తే పక్కనున్న ముసలామె లేసి పోతున్నది. ఆమె ఎనక నేను పోతున్న! ఏందిరా అని చూస్తే, ఆమె శాలువా కుచ్చులు, నా శాలువా కుచ్చులు, మొత్తం ముడులే ముడులు. ఆమె గుంజుతున్నది, నేను లేగదూడ లెక్క ఎనక నడుస్తున్న.

"కౌన్ ఖీంచ్ రా రే మేరెకు?" అని, నన్నెవడ్రా గుంజేది అన్నట్టు అర్సింది.

"అమ్మీ, రుకో! మై నహీ ఖీంచా, ఆప్ ఖీంచ్ రహే!" అన్న.

జనం మూగిన్రు. గుంపులకెల్లి ఒకడు, "కాక, లగ్గం ఎప్పుడైంది? దావత్ లేదా?" అన్నడు. అందరూ పకపక. సరిగ్గ అప్పుడే రెండు చేతుల నిండ గాజులతోని సరోజ వచ్చింది. నన్ను చూసింది. ముసలామెను చూసింది. ముడులు చూసింది.

ముసలామె అడిగింది: "యే తేరా మరద్ హై క్యా బేటీ? లే జా అమ్మా. మేరెకు నక్కో!" నీ మొగడైతే తీస్కపో, నాకొద్దంటున్నది.

సరోజ కింద కూసొని గోర్లతో పీకింది. రాలే. పళ్లతోని పట్టింది. రాలే. సాంచా మీది ముడి ఊడితే బట్ట ఖరాబ్ కద, ఊడకుంట ఏసుడే మా పని! దుపట్టాల దుకాణం ఆయన కత్తెర తెచ్చిండు. ముసలామె శాలువా గుండెకు అదుముకున్నది. అది ఆమె పెండ్లి శాలువా అంట. ఇగ ఏం చేస్తం, కత్తెర నా శాలువాకే పెట్టినం. నా కుచ్చులు ఆమె శాలువాకు ఏలాడుకుంట ఆమెతోనే పోయినయ్.

ఈ పంచాయితీ అంతా అయ్యేసరికి టికెట్ కిటికీ మూసిన్రు. సరోజ మూసిన కిటికీ దిక్కు చూసుకుంట నిలబడ్డది. నాకు మస్తు బాధైంది. తిడితే బాగుండు అనిపించింది. ఇన్నేండ్ల ఆశ, నిద్రపోయి పాడు చేసిన!

"కోపమా?" అన్న మెల్లగ.

"మన లగ్గంల అయ్యగారు ఏసిన కొంగుముడి పీటల మీదికెల్లి లేవకముందే ఊడింది. మా పెద్దమ్మ పిన్నీసు పెట్టింది" అన్నది సరోజ. "ఎవరో ముసలామెకు మాత్రం కత్తెర పెడితే తప్ప తెగని ముడి ఏస్తవా!"

అని వచ్చి గట్టు మీద నా పక్కన కూసున్నది. చీర కొంగు తీసి నా చేతుల పెట్టింది.

"పండుకో ఇగ. నాకూ ఏయి."

కండ్లు మూసుకున్న. అదే సప్పుడు, అదే తాళం. గని నిద్ర రావాలె కదా! ఆమె గాజులు గలగల అంటున్నయ్. ఒక కన్ను తెరిచిన. చార్మినార్‌కు లైట్లేసిన్రు. మొత్తం బంగారం తీరు మెరుస్తున్నది. అప్పుడు చూసిన నేను, నిజంగ. ఇద్దరం శానసేపు దాన్నే చూసుకుంట కూసున్నం. పైకెక్కితే సుత గంత బాగుండకపోవు.

పోయేముందు ఆమె కొంగు, నా శాలువా మిగిలిన అంచు తీసుకొని, మంచి మెలకువతోని, రెండు చేతులతోని, గట్టిగ ఒక ముడి ఏసిన. లేసి నిలబడంగనే ఊడిపోయింది!

నాకు పని నిద్రలనే వస్తదన్నట్టు. మా సేటుకు మాత్రం చెప్పకుండ్రి.