మళ్లీ తల్లిని కానన్న మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన వారం చనిపోయింది. నేను నల్గొండలో కాలేజీకి బయలుదేరుతుంటే కట్టంగూర్ నుంచి మరిది ఫోన్ చేసి, "వదినా, అమ్మ పోయింది" అన్నాడు.

మేము ఊరికి చేరేసరికి ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు, "పిల్లల కోసమే బతికింది, తనకోసం ఏం కోరలే" అని ఏడుస్తున్నారు. పోయిన ప్రతి తల్లి గురించీ అనే మాటే అది. నాకు మింగుడు పడలేదు. "కోరింది. కోరి తీసుకుంది" అన్నాను. అందరూ నా వంక వింతగా చూశారు. ఆ రోజు అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

చిన్నవయసులోనే పెళ్లి, నలుగురు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు. సొంత చెల్లెలి పెళ్లికి కూడా పొద్దున పోయి పొద్దుగూకేసరికి తిరిగొచ్చిందట. "ఎటు వోదామన్నా ఎవరో ఒకరు ఏడ్సుకుంట కాలు వట్టుకునేది బిడ్డా" అనేది. పిల్లలంతా స్థిరపడ్డాక నాలుగు మేకలు కొనుక్కుని రోజూ గుట్టకు తోలుకుపోవడం మొదలుపెట్టింది. ఈ వయసులో ఎందుకమ్మా అంటే, "మేకలే నయం. గియ్యాల కూరేందని అడగవు" అని నవ్వేది.

మాకు పాప పుట్టి, నా ప్రసూతి సెలవులు అయిపోవస్తున్నప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మేకలు అమ్మేసి మా తానకు రా. పాపను సూస్కోవాలె."

"నిన్ను కన్నది నిన్ను సూసుకున్నది. దాన్ని కన్నోళ్లు దాన్ని సూస్కోండ్రి. మల్ల తల్లిని గావుడు నాతోని గాదు."

చుట్టాలు ఆమెది రాతిగుండె అన్నారు. నాకూ కోపమొచ్చింది.

అయినా వచ్చింది, మేకల్ని మరిదికి అప్పజెప్పి. నెల రోజులున్నా పాపకు ఒక్కసారి కూడా తను నీళ్లు పోయలేదు. కొడుకును పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, అతనితోనే పోయించింది.

"నాకు రాదమ్మా" అన్నాడు.

"నాకు మాత్రం వచ్చునా? నువ్వు పుట్టినంకనే నేర్సుకున్న."

పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నేను ఆగలేక ముందుకు వెళ్లాను. నా మణికట్టు పట్టుకుని ఆపింది. "జర ఆగు బిడ్డా. ఇప్పుడు నువ్వు చెయ్యి వెడితే, ఇగ ఎన్నటికీ తియ్యనియ్యరు."

ఆ నెల తర్వాత మా ఆయన తన షాపును పొద్దున కాక మధ్యాహ్నం తెరవడం మొదలుపెట్టాడు. పొద్దుటిపూట పాప అతనిది, నేను కాలేజీ నుంచి వచ్చాక నాది. నా ఉద్యోగం నిలిచింది. బస్సెక్కేముందు అత్తమ్మ పాపను గట్టిగా ముద్దు పెట్టుకుంది. "పిల్లంటే పాణమే. గని నాది గూడ పాణమే గద" అంది.

ఆమెను తలుచుకుంటే నాకు ఒక ఎండాకాలం మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే వంటకు పిలుచుకు రమ్మని నన్ను గుట్టకు పంపారు. ఇంట్లో ఆమె ఎప్పుడూ చాప అంచున, ముడుచుకుని పడుకునేది. ఇక్కడ తుమ్మనీడలో, పెద్ద బండ మీద, కాళ్లూ చేతులూ బార్లా చాపి, వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది. బండంతా ఆమెదే.

కాసేపు నిలబడి చూశాను. ఇంటికొచ్చి, అత్తమ్మ ఎక్కడా కనబడలేదని చెప్పాను.