దయ్యం సినిమా చూసి వచ్చాక

నేను రెండో పెళ్లాన్నని ప్రొద్దుటూరులో మా వీధివాళ్లెవరూ మర్చిపోరు, నన్నూ మర్చిపోనివ్వరు. మా ఆయన మొదటి భార్య పెళ్లైన కొన్నాళ్లకే జబ్బు చేసి పోయింది. పిల్లల్లేరు. ఏడాది తిరిగాక పులివెందుల నుంచి నన్ను చేసుకున్నారు. ముత్తైదువగా పోయింది కాబట్టి ఆమె ఆ ఇంటికి పేరంటాలు. కొత్త చీర ఏది తెచ్చినా ముందు ఆమె ఫొటో దగ్గర పెట్టి, పసుపు కుంకుమ వేసి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. మా ఆయనది బట్టల అంగడే. అయినా ఒక్క చీర కూడా నేరుగా నా ఒంటి మీదికి రాలేదు.

దానికి నేనేమీ కుమిలిపోలేదు. పోయిన మనిషితో నాకేం పంతం? ఫొటోలో ఆమె పాటికి ఆమె నవ్వుతూ ఉండేది, నా జోలికి వచ్చేది కాదు. మా అత్తే, కూరలో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఆ ఫొటో వైపు చూసి నిట్టూర్చేది.

నాకు అయిదో నెల నడుస్తుండగా ఆ సినిమా వచ్చింది. ఒకడి పెళ్లాం చచ్చిపోతుంది. వాడు రెండో పెళ్లి చేసుకుంటాడు. మొదటిది దయ్యమై వచ్చి ఇంట్లోనే తిష్ట వేస్తుంది. మొగుడికి తప్ప ఎవరికీ కనబడదు. దయ్యమన్న మాటే గానీ భయపెట్టదు, వాడితో సరసాలాడుతుంది. ఇంటిల్లిపాదీ చూడాల్సిన సినిమా అని ఊరంతా ఒకటే మాట. మా ఆయనా నేనూ పోతుంటే, గుడికి తప్ప గడప దాటని మా అత్త కూడా బయలుదేరింది. పక్కింటామె తోడొచ్చింది. వాళ్లాయన కువైట్‌లో పనిచేస్తాడు, ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. ఆ వీధిలో నాతో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

సినిమాలో ఒకచోట రెండో పెళ్లాం కొత్త చీర తెచ్చి ఫొటో ముందు పెడుతుంది. దయ్యం ఆ రంగు నచ్చక చీరను ఎత్తి ఫ్యాను మీదికి విసిరేస్తుంది. మొగుడు దాన్ని పట్టుకోబోయి పెళ్లాం మీద పడతాడు. హాలంతా ఈలలు. ముందు వరుసలో కూర్చున్న మా వీధి ఆడవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూసి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపుగొట్టుదంటారు.

ఆ రెండో పెళ్లాం వేషం వేసిన పిల్లకు సినిమా అంతా కాఫీ కప్పులు మోయడం, జారి పడడం తప్ప ఇంకో పని లేదు. పాటలన్నీ దయ్యానివే. మంచుకొండల్లో పాట కూడా దానికే ఇచ్చారు. బతికున్నదానికి ఒక్క పాటైనా పెట్టలేదేమని ఆ హాల్లో ఎవరికైనా తోచిందో లేదో నాకు తెలియదు.

చివర్లో దయ్యం మొగుణ్ణి విడిచి పోలేక ఏడుస్తుంది. ఏ దేవుడో కనికరిస్తాడు. అది వెలుగై వచ్చి రెండో పెళ్లాం కడుపులో దూరుతుంది. ఆడపిల్ల పుడుతుంది. మొగుడు ఎత్తుకోగానే ఆ పసిగుడ్డు వాడికి కన్ను కొడుతుంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కకు చూస్తే మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆయన కంట నీరు చూడడం అదే మొదలు. మా అత్త నా కడుపు మీద చెయ్యి వేసింది.

"వచ్చినావా తల్లీ" అంది. నాతో కాదు.

బయటికి వచ్చాక ఆ సినిమాను తిట్టింది పక్కింటామె ఒక్కతే. "ఏం సినిమాక్కా అది! మోసేది ఒకరు, పుట్టేది ఇంకొకరంట. ఆ పిల్ల కడుపు ఆ పిల్లది కాదా ఏంది? నువ్వేంటికి నవ్వుతాండావు?" అని నన్నూ కసిరింది.

మర్నాడే మా అత్త జమ్మలమడుగుకు ఫోను చేసింది. చనిపోయినామె తల్లి ఓళిగలు చేసి మూటగట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నా మొహం వైపు చూడకుండా నా పొట్టతో మాట్లాడింది. "నా బిడ్డకు కారమంటే శానా ఇష్టం, బాగా పెట్టండి" అని చెప్పి పోయింది. నాకు పులుపు తినాలని ప్రాణం కొట్టుకుపోయేది. కారమే పెట్టారు. ఆడపిల్లే పుట్టాలని గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు. మా వైపు ఆడపిల్ల కోసం మొక్కిన ఇల్లు ఇంకోటి ఉంటుందనుకోను. అదే గుళ్లో వాళ్ల వెనకాలే నిలబడి, మగపిల్లవాడు పుట్టాలని నేను మొక్కుకున్నాను. స్వామి వాళ్ల మాటే విన్నాడు.

తొట్లలో వేసే రోజు పొద్దున మా ఆయన్ని అడిగాను. "నా బిడ్డకు నేననుకున్న పేరు పెట్టుకోగూడదా?"

"అందరూ ఎంత సంతోషంగా ఉండారో సూడు. పేరు కాడ ఏముంది? నీకేమొచ్చె?" అన్నాడు, బుజ్జగింపుగానే. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నోరారా తిట్టుకునేదాన్ని, ఆ సుఖం కూడా నాకు లేదు. చనిపోయినామె పేరే పెట్టారు. కన్నకూతుర్ని పిలవాలంటే సవతి పేరు పిలవాలి. నేను "పాపా" అనే పిలుస్తాను.

ఇప్పుడు దానికి ఏడేళ్లు. సెలవులొస్తే జమ్మలమడుగే. ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని చూస్తారు. పసిగుడ్డు కన్ను కొట్టే చోట అందరూ దాని వైపు తిరుగుతారు. అదీ కన్ను కొడుతుంది. మురిసిపోతారు.

మొన్న దసరాకు మళ్లీ వేశారు. జమ్మలమడుగు ఆమె కూడా వచ్చి ఉంది. సినిమా అయిపోయాక పాపను అన్నానికి రమ్మన్నాను. లేవలేదు. గట్టిగా పిలిచాను.

"నాకు చెప్పాకు. నేనీ ఇంటికి నీకన్నా ముందొచ్చినా" అంది.

అందరూ పడీపడీ నవ్వారు. ఆనాడు సినిమా హాల్లో నవ్విన నవ్వే అది. ఈసారి నాకు నవ్వు రాలేదు. "నేను మీ అమ్మను. అమ్మతో మాట్లాడే తీరేనా ఇది?" అన్నాను.

అది పోయి జమ్మలమడుగు ఆమె ఒళ్లో కూర్చుంది. "మాయమ్మ ఈమె" అంది.

నవ్వు ఆగిపోయింది. ఆయన తల వంచుకున్నాడు. మా అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కాదని మాత్రం ఒక్కరూ అనలేదు.